స్పానిష్ విశేషణ పదబంధాన్ని గుర్తించి, విడదీసి, సరిగా వాడడం ఎలా?

స్పానిష్ నేర్చుకునేవారికి విడివిడి విశేషణాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. 'ఆల్తొ' అంటే పొడుగు, 'రోహొ' అంటే ఎరుపు అని గుర్తుంచుకుంటే మొదటి పాఠాలు గడిచిపోతాయి. ఆ విశేషణానికి ముందొక మాట, వెనుక నాలుగు మాటలు చేరి, అన్నీ కలిసి ఒకే పదం చేసే పని చేయడం మొదలుపెట్టినప్పుడు తికమక వస్తుంది. ఏ మాట ఏ నామవాచకానికి చెందుతుందో, ఏది లింగవచనాలను బట్టి మారాలో, ఏది మారకూడదో తెలియక వాక్యం చెదిరిపోతుంది. ఇలాంటి గుంపును విశేషణ పదబంధం అందాం. దాన్ని ఒక వరుసలో పరిశీలించే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. స్పానిష్ నామవాచకాలకు పుంలింగం, స్త్రీలింగం అనే రెండు వర్గాలున్నాయనీ, 'ఎల్', 'ల', 'ఉన్', 'ఊన' వంటి ఆర్టికల్స్ ఏమిటో మీకు తెలుసుననీ అనుకుంటున్నాను.

ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను కాబట్టి, చదివే పద్ధతి ముందే చెప్పాలి. ఉచ్చారణ లాటిన్ అమెరికాలో వినిపించేది. పదంలో ఒత్తి పలకవలసిన అక్షరాన్ని దీర్ఘంగా, మిగిలినవాటిని హ్రస్వంగా రాశాను. స్పానిష్ అక్షరం 'వి' నిజానికి 'బ'కారంలాగే పలుకుతుంది కనుక దాన్ని 'బ' అనే రాశాను. త, ద అక్షరాలు మన దంత్యాలకు చాలా దగ్గరగా ఉంటాయి. ఈ విషయంలో తెలుగువారికి అదనపు శ్రమ లేదు.

మొదటి అడుగు: గుంపు మధ్యలో విశేషణం ఉందో లేదో చూడండి

మూడు ఉదాహరణలు తీసుకోండి. 'కాస గ్రాందె' అంటే పెద్ద ఇల్లు. 'కాస ముయ్ గ్రాందె' అంటే చాలా పెద్ద ఇల్లు. 'బొతేయ యేన దె ఆగ్వ' అంటే నీళ్ళతో నిండిన సీసా. మొదటిదానిలో 'గ్రాందె' ఒక్కటే విశేషణ పదబంధం. ఒక్క పదమున్నా వ్యాకరణం దాన్ని పదబంధంగానే లెక్కిస్తుంది. రెండోదానిలో 'ముయ్ గ్రాందె', మూడోదానిలో 'యేన దె ఆగ్వ' పదబంధాలు. ప్రతిదానిలోనూ ఒక విశేషణం కేంద్రంగా ఉంది. మిగిలిన మాటలు దాని చుట్టూ చేరాయి.

మన బడులలో ఇంగ్లీషు వ్యాకరణం చదివినవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. నామవాచకాన్ని వర్ణించే పదసమూహం ఏదైనా సరే 'అడ్జెక్టివ్ ఫ్రేజ్' అని ఆ పుస్తకాలు నేర్పాయి. ఆ లెక్కన 'ఊన మేస దె మదేర', అంటే చెక్క బల్ల, అన్నప్పుడు 'దె మదేర' కూడా విశేషణ పదబంధం కావాలి. స్పానిష్ వ్యాకరణం అలా చూడదు. అక్కడ పేరు నిర్ణయించేది పదసమూహం చేసే పని కాదు, దాని కేంద్రం. 'దె మదేర'లో విశేషణమే లేదు, ఉన్నది ఒక ప్రిపోజిషన్, ఒక నామవాచకం. కాబట్టి అది ప్రిపోజిషన్ పదబంధం. అలాగే 'ఎల్ లీబ్రొ కె లెయీ', అంటే నేను చదివిన పుస్తకం, అన్నప్పుడు 'కె లెయీ' ఒక ఉపవాక్యం. స్పెయిన్ పాఠ్యపుస్తకాల్లో మన పదబంధానికి 'సింతాగ్మ అద్హెతిబాల్' అనే పేరు కనిపిస్తుంది. స్పానిష్ భాషా అకాడమీ 2009లో వెలువరించిన కొత్త వ్యాకరణం 'గ్రూపొ అద్హెతిబాల్' అంటుంది. 'ఫ్రాసె అద్హెతీబ' అనేవారూ ఉన్నారు. పేరు ఏదైనా విషయం ఒకటే.

కేంద్రాన్ని పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఒకటుంది. నామవాచకాన్ని ఏకవచనం నుంచి బహువచనానికి మార్చి, దానితోపాటు ఏ మాట మారుతుందో చూడండి. 'బొతేయ యేన దె ఆగ్వ'ను బహువచనం చేస్తే 'బొతేయస్ యేనస్ దె ఆగ్వ' అవుతుంది. 'యేన' మారింది, 'దె ఆగ్వ' మారలేదు. మారినదే కేంద్రం.

రెండో అడుగు: కేంద్రానికి ఎడమవైపు చూడండి

విశేషణానికి ముందు వచ్చేవి సాధారణంగా మోతాదును తెలిపే మాటలు. 'ముయ్' అంటే చాలా, 'బస్తాంతె' అంటే తగినంతగా లేదా బాగానే, 'దెమసియాదొ' అంటే మరీ ఎక్కువగా, 'పోకొ' అంటే అంతగా కాదు, 'తాన్' అంటే అంత, 'మాస్' అంటే మరింత, 'మేనొస్' అంటే తక్కువగా. 'మేంతె'తో ముగిసే క్రియావిశేషణాలు కూడా ఈ స్థానంలోకి వస్తాయి. 'ఎక్స్‌త్రెమాదమేంతె దిఫీసిల్' అంటే అత్యంత కష్టమైన అని.

ఈ వైపు తెలుగువారికి శ్రమ తక్కువ, ఎందుకంటే 'చాలా పెద్ద', 'మరీ ఖరీదైన' అని మనమూ ఇదే క్రమంలో అంటాం. రెండు విషయాలు మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. మొదటిది, విశేషణానికి ముందు 'ముయ్' రావాలి గానీ 'మూచొ' రాకూడదు. 'మూచొ గ్రాందె' తప్పు. అయితే తులనాత్మక రూపాల ముందు 'మూచొ'యే సరైనది. 'మూచొ మెహోర్' అంటే చాలా మెరుగైనది, 'మూచొ మాస్ గ్రాందె' అంటే ఇంకా ఎంతో పెద్దది.

రెండోది, ఈ స్థానంలో ఉన్న మాట లింగవచనాలను బట్టి మారదు. 'కాసస్ దెమసియాదొ కారస్' అంటే మరీ ఖరీదైన ఇళ్ళు. ఇక్కడ 'కారస్' ఇళ్ళతో ఏకీభవించింది, 'దెమసియాదొ' అలాగే ఉంది. అదే మాట నేరుగా నామవాచకం ముందుకు వస్తే 'దెమసియాదస్ కాసస్', అంటే మరీ ఎక్కువ ఇళ్ళు, అని మారిపోతుంది. ఎందుకంటే అక్కడ అది విశేషణానికి కాక నామవాచకానికే అతుక్కుంది. 'బస్తాంతె కారస్', 'బస్తాంతెస్ కాసస్' అనే జంటలోనూ ఇదే తేడా. 'సగం నిద్రలో ఉంది' అనడానికి 'మేదియొ దొర్మీద' అనాలి. స్త్రీ గురించి చెబుతున్నాం కదా అని 'మేదియ దొర్మీద' అంటే ప్రామాణిక భాషలో తప్పుగానే లెక్కిస్తారు, మాటల్లో అక్కడక్కడా వినిపించినా సరే.

ఎడమవైపు ఖాళీగా ఉండవలసిన విశేషణాలు కూడా కొన్ని ఉన్నాయి. 'ఎల్ అబియోన్ ప్రెసిదెన్సియాల్' అంటే అధ్యక్షుడి విమానం. 'ప్రెసిదెన్సియాల్' అనేది విమానం గుణాన్ని చెప్పదు, అది దేనికి సంబంధించినదో చెబుతుంది. అందుకే ఈ వాడుకలో దానికి ముందు 'ముయ్' పెట్టలేం, దాన్ని నామవాచకానికి ముందుకు జరపలేం. ఒక విశేషణం గుణాన్ని చెబుతోందా, సంబంధాన్ని చెబుతోందా అన్న అనుమానం వస్తే 'ముయ్' చేర్చి చూడడమే పరీక్ష.

మూడో అడుగు: కుడివైపు చూడండి, తెలుగు క్రమాన్ని తిరగేయండి

అసలు శ్రమ ఇక్కడే. కొన్ని విశేషణాల అర్థం మరో మాట చేరితే గాని పూర్తి కాదు. 'సమర్థుడు' అనగానే 'దేనికి?' అని అడుగుతాం, 'నిండిన' అనగానే 'దేనితో?' అంటాం. తెలుగులో ఆ సమాధానం విశేషణానికి ముందు వస్తుంది, స్పానిష్‌లో వెనుక వస్తుంది. 'నీళ్ళతో – నిండిన – సీసా' అన్న వరుసను అద్దంలో చూసినట్టు తిరగేస్తే 'బొతేయ – యేన – దె ఆగ్వ' అవుతుంది. 'తన కూతురిని చూసి గర్వపడే తల్లి'ని తిరగేస్తే 'ఊన మాద్రె ఒర్గుయోస దె సు ఈహ' వస్తుంది. మోతాదు మాటలు ఎడమవైపు మన క్రమంలోనే ఉంటాయి, పూరించే మాటలు మాత్రం కుడివైపుకు పోతాయి. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే పదబంధాల నిర్మాణంలో సగం భారం తీరుతుంది.

పూరించే మాటను కలపడానికి ఏ ప్రిపోజిషన్ రావాలో విశేషణమే నిర్ణయిస్తుంది. తెలుగు విభక్తిని చూసి ఊహించబోతే దెబ్బ తింటారు. 'యేనొ' పక్కన మన 'తో'కు సాటిగా 'కొన్' రావాలని అనిపిస్తుంది, కానీ వచ్చేది 'దె'. అందుకే విశేషణాన్ని ప్రిపోజిషన్‌తో కలిపే నేర్చుకోండి. 'కపాస్ దె' అంటే ఫలానాది చేయగల, 'ఆర్తొ దె' అంటే విసిగిపోయిన, 'ఫ్యేల్ అ' అంటే విశ్వాసంగా ఉండే, 'దిస్ప్వేస్తొ అ' అంటే చేయడానికి సిద్ధపడిన, 'కొంతేంతొ కొన్' అంటే దేనితోనో సంతృప్తి చెందిన, 'రీకొ ఎన్' అంటే ఏదో ఒకటి సమృద్ధిగా గల, 'ఆప్తొ పార' అంటే దేనికైనా తగిన. నోటుపుస్తకంలో 'కపాస్' అని ఒంటరిగా రాసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

పూరించేది పూర్తి ఉపవాక్యమైనా ప్రిపోజిషన్ నిలిచే ఉంటుంది. 'ఎస్తోయ్ సెగూరొ దె కె బ్యేనె' అంటే అతను వస్తాడని నాకు నమ్మకం ఉంది. మాట్లాడేది స్త్రీ అయితే 'సెగూర' అంటుంది. చాలామంది స్పానిష్ భాషీయులే ఇక్కడి 'దె'ను మింగేసి 'సెగూరొ కె' అనేస్తుంటారు. ఈ అలవాటుకు వ్యాకరణవేత్తలు పెట్టిన పేరు 'కెయీస్మొ'. జాగ్రత్తగా రాసే భాషలో 'దె' ఉంచడమే మేలు.

ఇక 'దిఫీసిల్', 'ఫాసిల్' అనే మాటల సంగతి. 'ఏస్తె లీబ్రొ ఎస్ దిఫీసిల్ దె లెయేర్' అంటే ఈ పుస్తకం చదవడానికి కష్టమైనది. ఇక్కడ కర్త పుస్తకం, 'దిఫీసిల్ దె లెయేర్' మొత్తం విశేషణ పదబంధం. 'ఎస్ దిఫీసిల్ లెయేర్ ఏస్తె లీబ్రొ' అంటే ఈ పుస్తకం చదవడం కష్టం. ఇక్కడ చదవడమే కర్త, కాబట్టి 'దిఫీసిల్' ఒక్కటే పదబంధం, మధ్యలో 'దె'కు చోటు లేదు. తెలుగు వాక్యాన్నే తూకంగా వాడుకోవచ్చు. 'చదవడానికి కష్టం' అని మీ మనసులో ఉంటే 'దె' పెట్టండి, 'చదవడం కష్టం' అని ఉంటే వదిలేయండి.

నాలుగో అడుగు: కేంద్రాన్ని నామవాచకంతో ఏకీభవింపజేయండి

'మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు' అని తెలుగులో నామవాచకం ముందున్న విశేషణం కదలదు. కానీ 'వాడు మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు' అన్నప్పుడు మనమూ మారుస్తాం. స్పానిష్‌లో రెండు చోట్లా మార్చాలి. సంస్కృతం చదివినవారికి 'యల్లింగం యద్వచనం యా చ విభక్తిర్విశేష్యస్య, తల్లింగం తద్వచనం సైవ విభక్తిర్విశేషణస్యాపి' అనే శ్లోకం గుర్తుకు రావచ్చు. అందులోంచి విభక్తిని తీసేస్తే మిగిలేదే స్పానిష్ సూత్రం.

'ఒ'తో ముగిసే విశేషణం నాలుగు రూపాలు తీసుకుంటుంది: ఆల్తొ, ఆల్త, ఆల్తొస్, ఆల్తస్. 'ఇంతెలిహేంతె', 'ఫెలీస్', 'ఒప్తిమీస్త' వంటివి లింగాన్ని బట్టి మారవు, వచనాన్ని బట్టి మాత్రమే మారతాయి. 'ఎస్పన్యోల్' వంటి దేశవాచకాలు, 'త్రబహదోర్' వంటివి హల్లుతో ముగిసినా స్త్రీలింగంలో 'ఎస్పన్యోల', 'త్రబహదోర' అవుతాయి. అయితే 'మెహోర్', 'పెయోర్', 'మయోర్', 'మెనోర్' మాత్రం లింగానికి లొంగవు. భిన్న లింగాలున్న రెండు నామవాచకాలకు కలిపి ఒకే విశేషణం వేస్తే పుంలింగ బహువచనం వస్తుంది. నల్ల చొక్కా, నల్ల టోపీ కలిపి చెప్పేటప్పుడు 'ఊన కమీస ఇ ఉన్ సొంబ్రేరొ నేగ్రొస్' అంటారు.

'ఎల్ ఆగ్వ ఫ్రీయ' అన్న ప్రయోగం చూసి కంగారుపడవద్దు. 'ఆగ్వ' స్త్రీలింగమే. ఒత్తి పలికే అకారంతో మొదలవడం వల్ల దాని ముందు 'ఎల్' వచ్చింది, విశేషణం మాత్రం స్త్రీలింగంలోనే నిలిచింది. రంగుల్లో ఛాయ చెప్పేటప్పుడు పదబంధం సాధారణంగా మారకుండా ఉండిపోతుంది. 'కమీసస్ అసూలెస్' అంటే నీలం చొక్కాలు, కానీ లేత నీలం చొక్కాలు 'కమీసస్ అసూల్ క్లారొ'.

ఐదో అడుగు: పదబంధాన్ని సరైన చోట నిలబెట్టండి

అనుమానం ఉంటే నామవాచకం తరువాతే పెట్టండి. కుడివైపు పూరించే మాటలున్న పదబంధాన్ని నామవాచకం ముందుకు తేనే కూడదు. 'యేన దె ఆగ్వ బొతేయ' అన్నది తెలుగు క్రమానికి స్పానిష్ మాటలు తొడగడమే అవుతుంది. ఎడమవైపు మోతాదు మాట మాత్రమే ఉంటే ముందుకు రావచ్చు. 'ఊన ముయ్ బ్వేన ఇదేయ', అంటే చాలా మంచి ఆలోచన, నిత్యం వినిపించే ప్రయోగమే.

ముందు పెడితే అర్థం మారే విశేషణాలను మాత్రం తెలిసి వాడాలి. 'ఉన్ ఓంబ్రె గ్రాందె' భారీ మనిషి, 'ఉన్ గ్రాన్ ఓంబ్రె' గొప్ప మనిషి. 'ఉన్ ఓంబ్రె పోబ్రె' డబ్బు లేనివాడు, 'ఉన్ పోబ్రె ఓంబ్రె' జాలిగొలిపేవాడు. 'ఉన్ అమీగొ బ్యేహొ' వయసు మళ్ళిన మిత్రుడు, 'ఉన్ బ్యేహొ అమీగొ' చిరకాల మిత్రుడు, అతనికి పాతికేళ్ళే ఉండవచ్చు. కొన్నిసార్లు ముందు పెట్టడం వల్ల సహజ గుణం తోస్తుంది. 'ల బ్లాంక న్యేబె', అంటే తెల్లని మంచు, అన్నప్పుడు మంచులో రకాలు ఎంచడం లేదు, కవిత్వ ఛాయ కోసం ఉన్న గుణాన్నే చెబుతున్నారు.

ముందుకు వచ్చినప్పుడు కొన్ని పదాలు కురచవుతాయి. పుంలింగ ఏకవచనం ముందు 'బ్వేనొ' 'బ్వేన్'గా, 'మాలొ' 'మాల్'గా, 'ప్రిమేరొ' 'ప్రిమేర్'గా, 'తెర్సేరొ' 'తెర్సేర్'గా మారతాయి. 'గ్రాందె' మాత్రం ఏకవచనంలో రెండు లింగాల ముందూ 'గ్రాన్' అవుతుంది.

ఒకే నామవాచకానికి పలు విశేషణాలున్నప్పుడు మళ్ళీ అద్దమే అక్కరకు వస్తుంది. 'చాలా ఖరీదైన స్పానిష్ ఎర్ర వైన్' అన్నదాన్ని చివరి నుంచి చదవండి: 'ఉన్ బీనొ తీంతొ ఎస్పన్యోల్ ముయ్ కారొ'. రకాన్ని తెలిపేది నామవాచకానికి దగ్గరగా, అభిప్రాయాన్ని తెలిపేది దూరంగా నిలిచాయి. తెలుగులోనూ దూరాలు ఇవే, దిక్కు మాత్రమే మారింది. 'ముయ్ కారొ' లోపలి క్రమం తిరగబడలేదని కూడా గమనించండి.

ఆరో అడుగు: అది వాక్యంలో ఏ పని చేస్తోందో తేల్చండి

పదబంధం నామవాచకానికి నేరుగా అతుక్కుని ఉంటే అది దాని విశేషణమే. కామాలు వస్తే అర్థం మారుతుంది. 'లొస్ అలూమ్నొస్ కన్సాదొస్ సె ఫ్వేరొన్' అంటే అలసిపోయిన విద్యార్థులు మాత్రమే వెళ్ళారు. 'కన్సాదొస్'కు రెండువైపులా కామా పెడితే విద్యార్థులందరూ అలసిపోయారు, అందరూ వెళ్ళారు.

'సేర్', 'ఎస్తార్' (రెండూ 'ఉండు' అన్న అర్థమిచ్చేవే), 'పరెసేర్' (అనిపించు, కనిపించు) క్రియల తరువాత వచ్చే పదబంధం కర్త గురించి చెబుతుంది. దీనికి చక్కని పరీక్ష ఉంది. పదబంధం మొత్తాన్ని తీసి, దాని బదులు క్రియకు ముందు 'లొ' అనే సర్వనామం పెట్టండి. 'లుయీస ఎస్తా ఒర్గుయోస దె సు ఈహ', అంటే లుయీస తన కూతురిని చూసి గర్వపడుతోంది, 'లుయీస లొ ఎస్తా' అవుతుంది. కర్త స్త్రీ అయినా, బహువచనమైనా 'లొ' మారదు. ఆ 'లొ' కిందికి ఎన్ని మాటలు వెళ్ళాయో అవన్నీ ఒకే పదబంధం. హద్దు ఎక్కడ గీయాలో తెలియనప్పుడు నేనైతే మొదట ఆశ్రయించేది ఈ పరీక్షనే.

'సేర్', 'ఎస్తార్' ఎంపికలో తెలుగు కొంత సాయం చేస్తుంది. 'ఆమె తెలివైనది' అన్న వాక్యం 'ఏయ ఎస్ లీస్త', 'ఆమె సిద్ధంగా ఉంది' అన్నది 'ఏయ ఎస్తా లీస్త'. కూర 'రుచిగా ఉంది' అంటే 'ఎస్తా రీకొ', మనిషి 'ధనవంతుడు' అంటే 'ఎస్ రీకొ'. కాయ 'పచ్చిగా ఉంది' అంటే 'ఎస్తా బేర్దె'. మన 'గా ఉంది' తరచుగా 'ఎస్తార్' వైపు, 'వాడు, ది' ప్రత్యయాలు 'సేర్' వైపు చూపిస్తాయి. దీన్ని సూత్రమనుకోవద్దు. 'అతను పొడుగ్గా ఉంటాడు' అన్నదానికి 'ఎస్ ఆల్తొ' అనే చెప్పాలి.

ఇతర క్రియలతో కూడా విశేషణ పదబంధం వస్తుంది. 'లస్ నీన్యస్ యెగారొన్ ముయ్ కన్సాదస్' అంటే అమ్మాయిలు బాగా అలసిపోయి వచ్చారు. 'బీబెన్ ఫెలీసెస్' అంటే సంతోషంగా జీవిస్తున్నారు. తెలుగులో 'అలసిపోయి', 'సంతోషంగా' అన్నవి క్రియను పట్టుకుని ఉంటాయి కాబట్టి మారవు. స్పానిష్ వాటిని మనుషులకు తగిలిస్తుంది కాబట్టి 'కన్సాదస్', 'ఫెలీసెస్' అని లింగవచనాలు పాటించాలి. కర్మ గురించి చెప్పేదీ ఇంతే. 'కొన్సిదేరొ ముయ్ దిఫీసిలెస్ ఏస్తొస్ ఎక్సామెనెస్' అంటే ఈ పరీక్షలు చాలా కష్టమైనవని నేను భావిస్తున్నాను.

పోలిక గురించి క్లుప్తంగా చెబుతాను. 'మాస్ ఆల్త కె సు ఎర్మాన', అంటే తన అక్క కన్నా పొడుగు, 'తాన్ ఆల్త కోమొ సు ఎర్మాన', అంటే తన అక్క అంత పొడుగు, అన్నప్పుడు 'కె', 'కోమొ'లతో మొదలయ్యే భాగాన్ని కూడా పదబంధంలోనే కలపాలి. 'అల్తీసిమొ'లో 'చాలా' అన్న భావం ముందే ఉంది, కాబట్టి దానికి 'ముయ్' చేర్చకూడదు.

ఇప్పుడు ఒక పొడవైన వాక్యాన్ని విడదీయండి

'లస్ అలూమ్నస్ ముయ్ కొంతేంతస్ కొన్ సుస్ నోతస్ పరేసెన్ కపాసెస్ దె అప్రొబార్ ఉన్ ఎక్సామెన్ బస్తాంతె దిఫీసిల్.' తమ మార్కులతో ఎంతో సంతృప్తిగా ఉన్న విద్యార్థినులు బాగానే కష్టమైన పరీక్షను గట్టెక్కగలవారిలా కనిపిస్తున్నారు అని భావం.

ముందు కేంద్రాలను ఏరండి: కొంతేంతస్, కపాసెస్, దిఫీసిల్. మొదటిదానికి ఎడమవైపు 'ముయ్', కుడివైపు 'కొన్ సుస్ నోతస్' ఉన్నాయి. అది 'అలూమ్నస్'కు నేరుగా అతుక్కుంది. రెండోదానికి ఎడమవైపు ఏమీ లేదు, కుడివైపు 'దె' నుంచి వాక్యం చివరి వరకూ ఉన్నదంతా దాని సొత్తే. 'లొ' పరీక్ష చేస్తే 'లొ పరేసెన్' మాత్రమే మిగులుతుంది కాబట్టి హద్దు అక్కడిదాకా ఉందని తేలుతుంది. మూడోది 'బస్తాంతె దిఫీసిల్'. అది 'ఎక్సామెన్'ను వర్ణిస్తూ రెండో పదబంధం కడుపులోనే ఉంది. విశేషణ పదబంధంలో మరో విశేషణ పదబంధం ఇలా ఇమిడిపోవడం స్పానిష్ రచనలో సర్వసాధారణం.

సరిగా విడదీశారో లేదో చూసుకోవడానికి కర్తను 'ఎల్ అలూమ్నొ'గా మార్చి వాక్యాన్ని తిరిగి రాయండి: 'ఎల్ అలూమ్నొ ముయ్ కొంతేంతొ కొన్ సుస్ నోతస్ పరేసె కపాస్ దె అప్రొబార్ ఉన్ ఎక్సామెన్ బస్తాంతె దిఫీసిల్.' క్రియ కాక, మారిన విశేషణాలు రెండే. 'దిఫీసిల్' పరీక్షకు చెందినది కనుక కదలలేదు. ఈసారి పరీక్షను బహువచనం చేయండి: 'ఉనొస్ ఎక్సామెనెస్ బస్తాంతె దిఫీసిలెస్'. 'దిఫీసిల్' మారింది, 'బస్తాంతె' ఉన్నచోటే ఉన్నట్టే ఉంది. మీరు రాసిన వాక్యంలో 'బస్తాంతెస్' అని వచ్చి ఉంటే రెండో అడుగుకు వెళ్ళి, 'దెమసియాదొ కారస్', 'దెమసియాదస్ కాసస్' ఉదాహరణలను పక్కపక్కన పెట్టుకుని మరోసారి చదవండి.